పాకిస్తాన్ పట్టుకున్న జాలర్ల లిస్టులో మా బావ పేరుందో లేదో ఎవర్ని అడగాలి?

మాది శ్రీకాకుళం తీరం. మా బావ ప్రతి ఏడాదిలాగే వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లాడు. వల వేసి ఉండగా రాత్రిపూట నీటివాలుకి బోటు కొట్టుకుపోయి పాకిస్తాన్ సరిహద్దు గీత దాటిందని, అందర్నీ పట్టుకెళ్లారని పక్క బోటువాళ్లు ఫోన్ చేసి చెప్పారు. సముద్రంలో గీత కనపడుతుందా అసలు? పైగా గుజరాత్, పాకిస్తాన్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ అనే ఉప్పునీటి పాయ దగ్గర సరిహద్దు ఎక్కడన్నది రెండు దేశాలకీ ఇప్పటికీ కుదరనే లేదు.

రెండు దేశాల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారని, పట్టుకున్న మూడు నెలల్లోపు అక్కడి మన హైకమిషన్ (రాయబార కార్యాలయం) వాళ్లని ఖైదీల్ని కలవనివ్వాలని చదివాను. మరి ఆ జాబితాలో పేరుందో లేదో ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్తారు, కలెక్టరాఫీసా, మత్స్యశాఖా, నేరుగా ఢిల్లీకే రాయాలా? మా దగ్గర ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు, ఒక పాత ఫొటో ఉన్నాయి, మిగతా కార్డులన్నీ బోటులోనే ఉండిపోయాయి. మనవాడేనని రుజువు చేయడానికి ఇవి సరిపోతాయా?

2020 జనవరిలో వాఘా మీదుగా మన రాష్ట్రం జాలర్లు 20 మంది తిరిగొచ్చారు కదా, వాళ్ల ఇళ్లవాళ్లు ఎవరైనా ఇది చూస్తే, మీరు ముందు ఏ ఆఫీసుకి వెళ్లారో దయచేసి చెప్పండి. బావ పంపిన చివరి వాయిస్ మెసేజే అక్క పొద్దస్తమానం వింటూ కూర్చుంటోంది, పిల్లాడి ఫీజు కట్టారా అని అడిగాడు అందులో.