బల్లార్షా తెలుగువాళ్లు వలసవాళ్లా, పాతకాపులా?

వర్ధా ఒడ్డు:
మహారాష్ట్రలో, మన బల్లార్షాలో, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు: "మీ తెలుగోళ్లంతా పేపర్ మిల్లు పెట్టినంక వచ్చినోళ్లే గదా!" అక్కడ పంచాయితీ ఎందుకని ఇక్కడ అడుగుతున్నా. నేనైతే ఒప్పుకోను. మన ఊరి నుంచి వర్ధా నది దాటితే రాజురా. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. భాషల లెక్కన రాష్ట్రాలు పంచినప్పుడు కిన్వట్‌తో పాటు బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. జనం ఉన్నచోటనే ఉన్నారు, సర్కారు మారింది. వాళ్లను వలసవాళ్లంటే ఎట్లా?

మూడో ప్లాట్‌ఫాం:
అన్నా, రాజురా కథ రాజురాదే. దాన్ని తెచ్చి బల్లార్షాకు అతికిస్తే అతకదు. ఏటికి ఇవతల మనది సెంట్రల్ ప్రావిన్సెస్. 1950 నుంచి 1956 దాకా మధ్యప్రదేశ్ కూడా! మనవాళ్లు ఆ హద్దు దాటే వచ్చారు. అందులో తప్పేముంది? కాకపోతే మిల్లు కోసం మాత్రం కాదు. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. ఢిల్లీ, మద్రాసు నేరుగా కలిసింది అప్పుడే. ఆ లైను పడ్డాక కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి ఇటు రావడానికి ఎంతసేపు? థాపర్ల పేపర్ మిల్లు వచ్చింది 1945లో. అంటే రైలు 16 ఏళ్లు ముందు. మీ గ్రూపాయనకు ఈ లెక్క చెప్పండి.

వెదురు లారీ:
రైలు తెచ్చింది సరే, నిలబెట్టింది ఎవరు? రైలు దిగినవాడు గిట్టకపోతే మళ్లీ ఎక్కి పోతాడు. పర్మినెంటు అయినవాడు పోడు. అడవి వెదురు మిల్లుకు వస్తేనే క్వార్టర్లలో పొయ్యి వెలిగింది. ఇంకోటి, బొగ్గుబాయిలను అందరూ మరిచిపోతున్నారు. 1973లో జాతీయం చేసేదాకా చాలా బాయిలు ప్రైవేటు యజమానుల చేతుల్లోనే ఉండేవి, ఇయ్యాల పని ఉంటే రేపు లేదు. సర్కారు కొలువు అయినంకనే చాలామంది ఊళ్లో భూమి అమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. నన్నడిగితే మన బల్లార్షా చరిత్రలో అసలు ఏడాది 1973. 1929 కాదు, 1945 కాదు.

కోట బురుజు:
మీరు మీరు కొట్లాడుకోండి గానీ, పాతకాపులు అన్న మాట మనకు చెల్లదు. ఊళ్లో కోట ఎవరిది? గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా కట్టించింది. ఆయనే తర్వాత రాజధానిని చంద్రపూర్‌కు మార్చాడంటారు. గోండులు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు, వాళ్లను ఒక్కరూ అడగలేదు. తెలుగువాళ్లలో ఆ మాట అనదగ్గవాళ్లు సిరొంచ వైపు ఉన్నారు. బ్రిటిష్‌వాళ్లు అప్పర్ గోదావరి జిల్లా పెట్టి దానికి సిరొంచను కేంద్రం చేశారు. గోదావరి ఒడ్డున తెలుగు ఎవరూ తెచ్చిపెట్టింది కాదు. బల్లార్షాలో మనం పనికోసం వచ్చాం, అంతే.

వర్ధా ఒడ్డు:
గోండుల మాట కాదనను. కానీ రాజురాను వదలమంటే వదలను. మా అమ్మమ్మది ఏటికి అవతలి ఊరు, ఇటు ఇచ్చారు. పిల్లనిచ్చేటప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్సా, నిజామా అని ఎవరు చూశారు? ఇట్లాంటి ఇళ్లు మన గల్లీల్లో ఎన్ని లేవు!

మూడో ప్లాట్‌ఫాం:
సంబంధం కలుపుకుంటే ఊరు కలుస్తుందా అన్నా? గ్రూపులో 1929 అని రాయి, ఎవరూ కాదనలేరు. రాజురా జోలికి పోకు, నీకే ఎదురు తిరుగుతుంది.

వర్ధా ఒడ్డు:
రెండూ రాస్తా.