గొలుసుకి వేసే "డాలరు" ఎవరిది?

కాసులపేరు: గొలుసుకి వేలాడే బిళ్లని "డాలరు" అంటాం కదా. "వెంకన్న డాలరు", "డాలరు చైను". ఇది అమెరికా డాలరేనా, వేరే మాటా?

తక్కెడ: మాట అదే, కానీ అమెరికా కన్నా పాతది. 1520 ప్రాంతంలో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) యోఆఖిమ్స్‌టాల్ అనే ఊళ్లో, దగ్గరి గనుల వెండితో పెద్ద నాణేలు కొట్టారు. ఊరి పేరుమీద అవి యోఆఖిమ్స్‌టాలర్, పొట్టిగా టాలర్. జర్మన్‌లో టాల్ అంటే లోయ, టాలర్ అంటే మన లెక్కలో "కోనది". డచ్చివాళ్ల నోట డాల్డర్, ఇంగ్లీషులో డాలరు. నాణేనికి కొక్కెం పెట్టి మెడలో వేసుకోవడం మనకి కొత్తా? కాసులపేరు అదేగా. నాణెం మాట బిళ్లకి జారింది ఆ దారినే అని నా అభిప్రాయం.

లిపిపిచ్చి: డచ్చి డాల్డర్లలో లోకం తిరిగింది సింహం బొమ్మది, లేవెన్‌డాల్డర్. 1575లో హాలండు మొదలెట్టింది. బరువు 27.68 గ్రాములు, వెండి 75 శాతం, అంటే సుమారు 20.8 గ్రాముల అసలు వెండి. డచ్చివాళ్ల ఇంకో పెద్ద నాణెం రైక్స్‌డాల్డర్‌లో వెండి 88 శాతం దాకా ఉండేది. తక్కువ వెండిది ఎందుకు కొట్టారంటే, తుర్కుల రేవుల్లో దాన్ని తూచకుండా లెక్కపెట్టి తీసుకునేవారు, తేడా వర్తకుడి జేబులోకి. ఐసెల్ నది దగ్గర కాంపెన్, జ్వోలె, డెవెంటర్ ఊళ్లకి సొంత టంకసాలలుండేవి. అవీ ఈ సింహాన్ని కొట్టాయి.

కాసులపేరు: మరి ఆ సింహం పేరు ఎక్కడైనా మిగిలిందా?

లిపిపిచ్చి: మిగలడమేమిటి, దేశాలే నడుస్తున్నాయి! రొమేనియా, మోల్డోవా డబ్బు "లేయు". బల్గేరియాది కూడా 2026లో యూరోకి మారేదాకా "లెవ్". రెండింటికీ సింహమనే అర్థం. వరాహం బొమ్మ ఉన్నది వరహా అయినట్టే. అరబ్బులు మాత్రం "అబూ కల్బ్" అన్నారు, అంటే కుక్క బొమ్మది. చెక్కినవాడి పనితనం అంత గొప్పది మరి.

తక్కెడ: పనితనం ఒక్కటే కాదు, సుత్తిదెబ్బ కూడా. నాణెం కొట్టే రేకు పల్చన. ఒకవైపు యోధుడి ఒళ్లు, రెండోవైపు సింహం నడుము, రెండూ నట్టనడుమే పడతాయి. ఒక దెబ్బలో రెండు ఎత్తులకీ లోహం చాలదు. అందుకే కొత్త నాణెంలోనూ మధ్య భాగం అరిగినట్టే కనిపిస్తుంది. అది వాడకం అనుకుని ధర తగ్గించేస్తారు, తప్పు.

కాసులపేరు: అంచున రాత?

లిపిపిచ్చి: సింహం చుట్టూ లాటిన్‌లో "కాన్ఫిడెన్స్ డామినో నాన్ మొవేటుర్", దేవుణ్ణి నమ్మినవాడు చలించడు అని. బైబిల్లో 125వ కీర్తన నుంచి. డామినోని మూడక్షరాలకి కుదించి చెక్కారు. ఏ ఊరిదో తెలియాలంటే యోధుడి వైపు రాత చూడాలి. ఊరి నాణెమైతే ఊరి పేరు అక్కడే పడుతుంది.

బందరుకూత: మన వాడుకలో డచ్చివాళ్లు "వలందావాళ్లు". బందరులో వలందపాలెం ఆ పేరే. ఇంగ్లీషుపాలెం, పరాసుపేట (పరాసులంటే ఫ్రెంచివాళ్లు) కూడా దాని తోబుట్టువులే.

తక్కెడ: అసలు ప్రశ్నకి తిరిగొస్తే, లేవెన్‌డాల్డర్ ఎప్పుడైనా డాలరుగా వేలాడిందో లేదో సింహం తలపైన, సరిగ్గా పన్నెండు గంటల దగ్గర చూడండి. కొక్కెం పీకేస్తే టంకం మచ్చ మిగులుతుంది, అంచు అక్కడ నున్నగా ఆకురాయి పెట్టినట్టుంటుంది. తూస్తే 26 గ్రాముల లోపే తూగితే అంచు గీకారనో, పోతపోసిన నకలనో అనుమానించాలి. నకలుకి అంచు పొడుగునా సన్నటి గీతా, పైన సూది మొనంత బుడగ గుంటలూ ఉంటాయి. ఇంకో సంగతి: టంకం అంటే ఇక్కడ అతుకు, సంస్కృతంలో "టంక" అంటే నాణెం. టంకసాలలో ఉన్నది ఆ రెండోది.