ఉన్న ఎయిర్‌సాఫ్ట్ తుపాకీని మెరుగుపరచుకోవాలా, మేలైనది కొనుక్కోవాలా?

చర్చను ప్రారంభించినవారు:

నా దగ్గర ఎం4 రైఫిల్ ఆకారంలో, బ్యాటరీతో నడిచే ఎయిర్‌సాఫ్ట్ ఆట తుపాకీ ఒకటి రెండేళ్లుగా ఉంది. కొన్నప్పుడు అది అంగట్లో ఉన్నవాటిలో బాగా చవకైనది. దానితో ఇప్పుడు రెండు ఇబ్బందులు ఎదురవుతున్నాయి. 30 మీటర్లు దాటాక బీబీ (అది కాల్చే చిన్న ప్లాస్టిక్ గుండు) ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంగిపోతోంది. ట్రిగ్గర్ నొక్కాక బీబీ బయటికి రావడానికి స్పష్టంగా తెలిసేంత ఆలస్యమవుతోంది. గట్టి స్ప్రింగ్, బలమైన మోటారు, తక్కువ వ్యాసం గల లోపలి బ్యారెల్, మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టులకు బదులు కరెంటును మోసే ఎలక్ట్రానిక్ స్విచ్) వేయిద్దామని లెక్క వేసుకుంటే, ఆ ఖర్చు ఒక మంచి కొత్త తుపాకీ వెలలో మూడింట రెండు వంతులు తేలింది. అప్పటి నుంచి ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అనుభవమున్నవారు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొత్తది కొనాలనే సభ్యుడు:

మీరు రాసిన జాబితాలో మొదటి వస్తువే మిగతావాటన్నిటినీ వెంటబెట్టుకొని వస్తుంది. గట్టి స్ప్రింగ్ వేస్తే దానిని వెనక్కి లాగడానికి మోటారు ఎక్కువ కష్టపడాలి, మోటారు కష్టపడితే బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటంతా ట్రిగ్గర్ కాంటాక్టుల గుండా పోతుంది కనుక అవి మెరుపులు చిమ్ముతూ కాలిపోతాయి. మరోవైపు గాలిని తోసే ప్లాస్టిక్ పిస్టన్ పళ్లు అరుగుతాయి. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి మీ దగ్గర ఖరీదైన భాగాలు నింపిన చవక గేర్‌బాక్స్ పెట్టె (గేర్లు, పిస్టన్ అమరే లోహపు డొల్ల) మిగులుతుంది. అమ్మబోతే ఆ భాగాల వెలలో సగం కూడా తిరిగి రాదు. ఇప్పుడు వస్తున్న మధ్యస్థాయి తుపాకులలో మాస్‌ఫెట్, తేలికగా స్ప్రింగ్ మార్చుకునే వీలు, సరైన బేరింగులు ముందే ఉంటున్నాయి. ఆ డబ్బు వాటిపై పెట్టండి.

ఉన్నదానినే బాగుచేసుకోవాలనే సభ్యుడు:

పై మిత్రుడు స్ప్రింగ్ గురించి చెప్పినది నిజమే, కానీ దాని నుంచి వచ్చే ముగింపు వేరు. స్ప్రింగ్‌ను ముట్టుకోవద్దు, అంతే. 0.20 గ్రాముల బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి సరిగ్గా 1 జౌల్. వేగాన్ని 110 మీటర్లకు పెంచితే శక్తి 1.21 జౌళ్లు అవుతుంది, అంటే వేగం పదో వంతు పెరిగితే తగిలే దెబ్బ అయిదో వంతు పెరుగుతుంది. ఆట మైదానం పెట్టిన పరిమితి దాటడానికి అది చాలు. బీబీ దూరం పోయేది స్ప్రింగ్ బలం ఒక్కదానివల్ల కాదు, బ్యారెల్ మొదట్లో బీబీని పైనుంచి ఒరుసుకునే హాప్‌అప్ రబ్బరు దానికి ఇచ్చే వెనకవైపు తిరుగుడువల్ల. జపాన్‌లో 2006లో సవరించిన చట్టం 6 మిల్లీమీటర్ల బీబీకి 0.98 జౌల్ దగ్గర గీత గీసింది. అయినా ఆ గీత లోపలే ఉండే జపాన్ కంపెనీ టోక్యో మారుయి తుపాకులకు దూరం, గురి విషయంలో ఎంత పేరుందో మనకందరికీ తెలుసు. కొత్త హాప్‌అప్ రబ్బరు, శుభ్రమైన బ్యారెల్, 0.28 గ్రాముల నాణ్యమైన బీబీలు: ఈ మూడింటికీ కలిపి మీ జాబితాలోని మోటారుకు అయ్యేంత కూడా కాదు.

మరమ్మతులు చేసే సభ్యుడు:

ఇద్దరూ మందు గురించి వాదిస్తున్నారు, రోగమేమిటో మాత్రం ఎవరూ చూడలేదు. నేను చాలా గేర్‌బాక్సులు విప్పాను. విప్పకముందే తెలుసుకోగలిగినది చాలా ఉంటుంది. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు ఒకే బరువు బీబీలతో పదిసార్లు కాల్చి రాసుకోండి. అంకెలన్నీ సెకనుకు 1, 2 మీటర్ల తేడాలో ఉంటే గాలి బిగువు బాగున్నట్టు, లోపం హాప్‌అప్‌లోనో బీబీలలోనో ఉన్నట్టు. 5 మీటర్లకు పైగా ఊగిసలాడితే పిస్టన్ తల ఓ-రింగ్ దగ్గరో, సిలిండర్ తల దగ్గరో, బీబీని బ్యారెల్‌లోకి నెట్టే నాజిల్ దగ్గరో గాలి జారుతోందని అర్థం. అలా జారుతున్న తుపాకీకి 6.03 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల బ్యారెల్ వేసినా గురి బాగుపడదు, డబ్బు మాత్రం పోతుంది.

ట్రిగ్గర్ ఆలస్యానికి మోటారు కంటే ముందు బ్యాటరీని అనుమానించండి. పాతబడిన నికెల్ బ్యాటరీ స్థానంలో 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెడితే చాలామందికి అక్కడే తేడా తెలుస్తుంది. అయితే దానికి సరిపడే చార్జరు వాడాలి, ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగకుండా చూసుకోవాలి. 11.1 వోల్టుల జోలికి మాస్‌ఫెట్ లేకుండా పోవద్దు.

కొనడమా, బాగుచేయడమా అన్నది నా దృష్టిలో ఒక్క భాగం తేలుస్తుంది: గేర్‌బాక్స్ పెట్టె. మీ ఎం4లో ఉండేది సాధారణంగా రెండో రకం గేర్‌బాక్స్. పిస్టన్ దూసుకొచ్చి గుద్దుకునేది సరిగ్గా దాని ముందు భాగానికే, సిలిండర్ కిటికీ కోసినందువల్ల లోహం పలచబడి ఉండేది కూడా అక్కడే. ఆ కిటికీ మూలలు లంబకోణంలో ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. దీపం పెట్టి, భూతద్దంతో ఆ మూలలు చూడండి. గీత లేకపోతే మూలలను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, సిలిండర్ తలకు మెత్తని ప్యాడ్ అంటించి ఇంకా ఎన్నో నెలలు ఆడుకోవచ్చు. గీత ఉంటే దానిలో ఇంకొక్క భాగం కూడా వేయకండి.

చర్చను ప్రారంభించినవారు:

మీరు చెప్పినట్టే చేశాను. మొదటి పది షాట్లలో వేగం 86 నుంచి 94 మీటర్ల మధ్య ఊగింది. లోపల చూస్తే పిస్టన్ తల ఓ-రింగ్ ఎండి గట్టిపడి ఉంది. దానిని, హాప్‌అప్ రబ్బరును మార్చి, బ్యారెల్ తుడిచాక మళ్లీ కొలిస్తే అన్నీ 93, 95 మధ్యనే వచ్చాయి. 40 మీటర్ల దగ్గర మనిషి ఛాతీ అంత పలకకు పదిలో ఎనిమిది తగిలాయి. స్ప్రింగ్, బ్యారెల్ రెండూ కొనకముందే ఈ ఫలితం వచ్చినందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

కానీ పెట్టె ఎడమ భాగంలో, కిటికీ ముందు మూలలో, వెంట్రుక మందాన గీత కనిపించింది. గోరుతో రాస్తే తగులుతోంది.

కొత్తది కొనాలనే సభ్యుడు:

అలాగైతే ఆ పెట్టెకు మోటారు, మాస్‌ఫెట్ వేయడం మానండి. కొత్త పెట్టె ఒక్కటీ కొందామనుకున్నా, గేర్ల పక్కన వాషర్లు సర్ది షిమ్మింగ్ మొదటి నుంచి చేయాలి. ఆ నేర్పు లేనివారికి అక్కడే గేర్లు అరగడం మొదలవుతుంది.

ఉన్నదానినే బాగుచేసుకోవాలనే సభ్యుడు:

ఈ ఒక్క విషయంలో నేనూ ఒప్పుకుంటాను. అయితే కొనేటప్పుడు విడిభాగాలు మామూలు కొలతలకు సరిపోయే తుపాకీనే ఎంచుకోండి. మీరు ఇప్పుడు వేసిన రబ్బరును, ఇకముందు కొనబోయే బ్యారెల్‌నూ దానిలోకి మార్చుకోగలగాలి.

చర్చను ప్రారంభించినవారు:

ఎం4లకు మామూలుగా వాడే 363 మిల్లీమీటర్ల పొడవు బ్యారెల్ పట్టేదే చూస్తున్నాను. అప్పటివరకు పాతదానికి ఇప్పుడున్న స్ప్రింగ్ కంటే మెత్తనిది వేసి, ఒక్కొక్క షాట్ మాత్రమే కాలుస్తాను. పగులు పెరుగుతోందో లేదో చూసుకోవడానికి ఆ గీత కొస దగ్గర సూదితో చిన్న గుర్తు పెట్టాను.