శీలావతి, బొచ్చె మేతలో ఎండుచేపల గుండ మానేస్తే ఏం కలపాలి?

రాజాం_చెరువు:
రెండెకరాల చెరువు. శీలావతి, బొచ్చె ఒక్కోటి అరకిలో దగ్గరున్నాయి. చిల్లుల సంచుల్లో మేత నింపి నీళ్లలో కడుతున్నాం: వంద కిలోలకి డీఓబీ (నూనె తీసిన తవుడు) 60, వేరుశనగ చెక్క 30, ఎండుచేపల గుండ 10. గుండ ఖరీదు ఎక్కువ, సరుకు నాసి. గ్లాసుడు నీళ్లలో చెంచాడు వేస్తే అడుగున ఇసుక దిగుతోంది. అది మానేసి వేరుశనగ చెక్కే 40 చేసేస్తే సరిపోద్దా? పక్క గుంటలో కొర్రమీనుకీ ఇదే పెట్టొచ్చా?

గట్టుమీద:
ఈ రెండు రకాలకీ చేపల గుండ లేకపోయినా నడుస్తుందండి. కానీ చెక్క ఒక్కటే పెంచొద్దు. ప్రోటీన్ లెక్క కాగితం మీద సరిపోద్ది, చేప మాత్రం ఎదగదు. ప్రోటీన్‌లో చేప ఎదగడానికి కావాల్సిన అమైనో ఆమ్లాలు లైసిన్, మెథియోనిన్ రెండూ వేరుశనగలో తక్కువే. సోయాలో లైసిన్ బాగుంటుంది, మెథియోనిన్ తక్కువ. నువ్వుల తెలగపిండిది దానికి సరిగ్గా తిరగేసిన లెక్క. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. మునగాకుతో కూర వండుకునే తెలగపిండే, కాకపోతే గానుగది తాజాగా తేవాలి. నూనె మిగిలి ఉంటుంది కాబట్టి తొందరగా ముక్కిన వాసన కొడుతుంది.

వంద కిలోలకి సోయా చెక్క 25, వేరుశనగ చెక్క 10, తెలగపిండి 8, డీఓబీ 54, ఎంసీపీ (ఫాస్ఫరస్ ఇచ్చే మోనో కాల్షియం ఫాస్ఫేట్) ఒకటిన్నర, మినరల్ మిక్స్ 1, ఉప్పు అరకిలో. ప్రోటీన్ 26 శాతం దాకా వస్తుంది. ఒకేసారి మార్చకండి. మూడేసి రోజులకి పావు వంతు చొప్పున మారుస్తూ, సంచి ఎంతసేపటికి ఖాళీ అవుతోందో చూసుకోండి.

మేత_మిల్లు:
ఫాస్ఫరస్ కోసమే అయితే ఎంసీపీ ఎందుకు, ఫైటేజ్ అనే ఎంజైమ్ కలిపితే గింజల్లోదే విడుదలవుతుంది కదా?

గట్టుమీద:
ఫంగస్ చేపకీ (పంగాసియస్) తిలాపియాకీ అయితే మీ మాట నిజమే. శీలావతి, బొచ్చెలకి అసలు జీర్ణాశయమే ఉండదు, గొంతు దాటితే పేగే. ఫైటేజ్‌కి పులుపు కావాలి, ఆ పేగులో పులుపు లేదు. అంచేత వీటిలో అది అంత బాగా పనిచేయదు. డీసీపీ (డై కాల్షియం ఫాస్ఫేట్) కూడా వీటికి సగమే ఒంటబడుతుంది, ఎంసీపీయే మేలు. పొడిగా చల్లితే సంచి చిల్లుల్లోంచి నీళ్లలోకి పోద్ది. ముందు డీఓబీని గంజితో తడిపి, దానికి పట్టించండి.

రాజాం_చెరువు:
సోయా మంచిదో కాదో ఎలా తెలుస్తుందండి?

మేత_మిల్లు:
పచ్చి సోయాలో ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్‌ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, ప్రోటీన్ అరగనివ్వదు. మూతున్న గాజు సీసాలో గుప్పెడు సోయా పిండి, చెంచాడు యూరియా, తడిసేంత నీళ్లు వేసి 20 నిమిషాలు ఉంచండి. మూత తీయగానే ముక్కు ఘాటెక్కిపోతే సరిగా వేగలేదన్నమాట. మరీ ముదురు గోధుమరంగుంటే మాడింది, లైసిన్ పోయినట్టే. రంగు లేత బంగారంలా ఉండాలి.

వేరుశనగ చెక్కలో అసలు భయం బూజు. వానాకాలంలో నేలమీద పెట్టొద్దు, చెక్క పలకల మీద గోడకి జానెడు ఎడంగా పేర్చండి. బూజు పట్టిన ముక్క తీసేసి మిగతాది వాడటం, ఉడకబెట్టడం రెండూ పనికిరావు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వేడికి చావదు. అది తిన్న చేపని కోస్తే కాలేయం పాలిపోయి కనిపిస్తుంది.

గట్టుమీద:
కొర్రమీనుకి ఈ మేత వద్దు. అది మాంసాహారి, ప్రోటీన్ 40 శాతం పైన కావాలి. సోయా ఎక్కువైతే నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. దాని మేతలోని చేపల గుండలో పావు వంతు మాత్రం సోయాతో మార్చి రెండు వారాలు చూడండి. తినడం తగ్గితే పాత మేతకే వెళ్లిపోండి. పెద్ద చెరువులో తినకుండా మిగిలిన సంచిని మాత్రం రాత్రికి ఉంచొద్దు, పులిసిపోయి తెల్లారేసరికి ఆక్సిజన్ లాగేస్తుంది.