అయస్కాంత క్షేత్రంతో అతివాహకంలో ఉష్ణ ప్రవాహ నియంత్రణ: ద్రవ నత్రజనితో సాధ్యమేనా?

ఓరుగల్లు_విద్యార్థిని (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. అతివాహకంలో వేడిని అయస్కాంత క్షేత్రంతో ఆపడం, వదలడం అనే అంశాన్ని ప్రాజెక్టుకు ఎంచుకున్నాను. మా దగ్గర ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ బిళ్ల ఉంది. ద్రవ నత్రజని కూడా గోపాలమిత్రలు పశువీర్యాన్ని భద్రపరచడానికి వాడేదే కనుక సంపాదించగలను. నాకు రెండు సందేహాలున్నాయి. మామూలు లోహాల్లో విద్యుత్తును బాగా మోసే రాగి, వెండి వేడినీ బాగా మోస్తాయి. అలాంటప్పుడు నిరోధమే లేని అతివాహకం వేడిని మోయడంలో ఎందుకు వెనకబడుతుంది? నా బిళ్ల దగ్గర నియోడిమియం అయస్కాంతం పెడితే కొలవదగిన తేడా వస్తుందా?

కాజీపేట_అధ్యాపకుడు

అమ్మా, మంచి ప్రశ్న వేశావు. వేడి ప్రవహించాలంటే దాన్ని మోసే కణాలు ఎంట్రోపీని, అంటే వ్యవస్థలోని క్రమరాహిత్యాన్ని కూడా మోయాలి. సందిగ్ధ ఉష్ణోగ్రత (పదార్థం అతివాహకంగా మారే ఉష్ణోగ్రత) కంటే దిగువన ఎలక్ట్రాన్లు కూపర్ జంటలుగా ఏర్పడి, అన్నీ ఒకే క్వాంటం స్థితిలో ఉంటాయి కనుక ఆ జంటలు విద్యుదావేశాన్ని మోస్తాయే తప్ప ఎంట్రోపీని మోయవు. 1957లో వచ్చిన బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతం ప్రకారం జంట కట్టకుండా మిగిలిన ఎలక్ట్రాన్ల సంఖ్య, ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఘాతీయంగా పడిపోతుంది. చివరికి వేడిని మోసే పని స్ఫటిక జాలక కంపనాలకే, అంటే ఫోనాన్లకే మిగులుతుంది.

ఇప్పుడు సందిగ్ధ విలువను మించిన అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే జంటలు విడిపోతాయి, లోహం మామూలు స్థితికి వస్తుంది, ఎలక్ట్రాన్లు మళ్లీ వేడిని మోయడం మొదలుపెడతాయి. కాబట్టి క్షేత్రం వేడిని ఒక దిక్కుకు మళ్లిస్తోందని అనుకోవద్దు. దాన్ని మోసేవాళ్లు ఉండాలా వద్దా అన్నదే అది నిర్ణయిస్తోంది. బాగా తక్కువ ఉష్ణోగ్రతల్లో ఎలక్ట్రాన్ల ఉష్ణవాహకత ఉష్ణోగ్రతకు, ఫోనాన్లది దాని ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల ఉష్ణోగ్రతను సగానికి తగ్గిస్తే మామూలు, అతివాహక స్థితుల ఉష్ణవాహకతల నిష్పత్తి నాలుగింతలవుతుంది.

నీ రెండో సందేహానికి జవాబు నిరాశ కలిగించేదే. ద్రవ నత్రజని ఉండే 77 కెల్విన్ దగ్గర ఆ పింగాణీ బిళ్లలో వేడిలో అధిక భాగాన్ని ఫోనాన్లే మోస్తాయి. దాని అతివాహకతను పూర్తిగా తొలగించాలంటే ఆ ఉష్ణోగ్రత దగ్గర కూడా పదుల టెస్లాల క్షేత్రం కావాలి, నీ అయస్కాంతం ఒక టెస్లా కూడా ఇవ్వదు. ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్‌తో నీకు తేడా కనిపించదు. దీనికి సీసం, తగరం, అల్యూమినియం లాంటి మెత్తని, స్వచ్ఛమైన లోహాలే తగినవి.

శీతల_ప్రయోగశాల

అధ్యాపకుల వారి మాటతో ఏకీభవిస్తూ, ఆచరణలో ఎదురయ్యే సంగతులు చెబుతాను. సీసం 7.2 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది. సున్నా కెల్విన్ దగ్గర దాని సందిగ్ధ క్షేత్రం (అతివాహకతను తొలగించే క్షేత్రం) సుమారు 803 గాస్; పదివేల గాస్‌లు ఒక టెస్లా. ద్రవ హీలియం మరిగే 4.2 కెల్విన్ దగ్గర అది దాదాపు 530 గాస్‌కు దిగుతుంది. సెంటీమీటరుకు 20 చుట్ల చొప్పున పది పొరలుగా చుట్టిన తీగచుట్టలో 2 ఆంపియర్లకు కాస్త పైన పంపితే ఆ క్షేత్రం వచ్చేస్తుంది. కానీ రాగి తీగ వేడెక్కి హీలియంను మరిగిస్తుంది కనుక అతివాహకమైన నియోబియం-టైటానియం తీగ వాడతారు. అసలు 4.2 కెల్విన్ దగ్గర సీసం ఉష్ణ స్విచ్‌గా (క్షేత్రంతో వేడిని వదిలే, ఆపే సాధనంగా) పెద్దగా పనికిరాదు, ఎందుకంటే అక్కడ ఇంకా జంట కట్టని ఎలక్ట్రాన్లు చాలానే ఉంటాయి. హీలియం మీది ఆవిరిని పంపుతో లాగేసి 1 కెల్విన్ దాకా దిగితేనే తేడా బాగా కనిపిస్తుంది.

దీని అసలు ఉపయోగం అడయాబాటిక్ నిరయస్కాంతీకరణ శీతలీకరణిలో ఉంది. అయస్కాంత లవణానికి క్షేత్రం పెట్టినప్పుడు పుట్టే వేడి, మామూలు స్థితిలో ఉంచిన స్విచ్ గుండా హీలియం తొట్టిలోకి పోతుంది. ఆ తరువాత స్విచ్‌ను అతివాహక స్థితికి తెచ్చి, లవణాన్ని విడిగా ఉంచి, దాని క్షేత్రాన్ని తగ్గిస్తే అది చల్లబడుతుంది. ఇక్కడ ప్రధాన అయస్కాంతపు బయటి క్షేత్రం స్విచ్ దాకా పాకకుండా కవచం తప్పనిసరి, లేకపోతే ఆగిందనుకున్న వేడి ఆగదు.

ఓరుగల్లు_విద్యార్థిని

సార్, ఇద్దరికీ ధన్యవాదాలు. క్షేత్రాన్ని తీసేసిన తరువాత స్విచ్ వెంటనే పూర్వస్థితికి వస్తుందా?

శీతల_ప్రయోగశాల

స్వచ్ఛమైన లోహంలో చాలావరకు వస్తుంది, అయితే మూసుకున్న వలయాకారంలో ఉంటే కొంత అభివాహం (అయస్కాంత క్షేత్ర రేఖలు) లోపల చిక్కుకుంటుంది. ఈ చిక్కుకోవడాన్నే ఉపయోగంగా మార్చిన పని ఒకటి ఉంది. టోక్యో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రేడియో మరమ్మతు దుకాణాల్లో వాడే తగరం-సీసం సోల్డర్‌లో, క్షేత్రం తీసేశాక కూడా ఉష్ణవాహకత ఎక్కువగానే నిలిచి ఉండడాన్ని 2024లో ప్రచురించారు. ఆ సోల్డర్‌లో సీసం, తగరం కలిసిపోకుండా విడివిడి ముద్దలుగా ఉంటాయి. క్షేత్రం పోయాక సీసం అతివాహకంగా మారి, అభివాహాన్ని తగరం భాగాల్లోనే పట్టి ఉంచుతుంది. దానితో తగరం 3.7 కెల్విన్ దిగువన కూడా మామూలు లోహంలా వేడిని మోస్తూనే ఉంటుంది. తిరిగి మొదటికి తేవాలంటే 7.2 కెల్విన్ పైకి వేడిచేసి, క్షేత్రం లేకుండా చల్లార్చాలి.

కాజీపేట_అధ్యాపకుడు

నీ ప్రాజెక్టును కొలతల నుంచి గణనకు మార్చుకో అమ్మా. సీసం, తగరం, అల్యూమినియంలకు 0.1 నుంచి 4 కెల్విన్ వరకు సందిగ్ధ క్షేత్రాన్నీ, రెండు స్థితుల ఉష్ణవాహకతల నిష్పత్తినీ లెక్కగట్టి గ్రాఫులు గీయి. ఏ ఉష్ణోగ్రతకు ఏ లోహం స్విచ్‌గా నిలుస్తుందో అందులోనే తేలుతుంది. గ్రాఫులు ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.