మోడలర్‌ని మిక్సర్‌కి ఇస్తే కందిరీగ గోల, క్యాబ్ ఆన్‌లో ఉండాలా?

ప్రశ్న (విజయనగరం):
అందరికీ నమస్కారం. పైడితల్లి పండగ దగ్గరపడుతోంది, మా ఆర్కెస్ట్రాలో గిటార్ నాదే. మోడలర్ (గిటార్ ఆంప్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) హెడ్‌ఫోన్స్‌లో కమ్మగా ఉంటుంది, అదే నేరుగా మిక్సర్‌కి ఇచ్చి డిస్టార్షన్ నొక్కితే సీసాలో కందిరీగ తిరిగినట్టు ఒకటే గోల. క్యాబ్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకర్ పెట్టె, అంటే క్యాబినెట్, సౌండ్‌ని అనుకరించేది) ఉంచాలా, తీసేయాలా? క్యాబ్ సౌండ్ కోసం ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) ఫైళ్లు కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (శ్రీకాకుళం):
తమ్ముడూ, ముందు అవుట్‌పుట్ సెట్టింగ్ చూడు, కొన్నిటిలో హెడ్‌ఫోన్స్‌కి క్యాబ్ ఉంటుంది, మెయిన్ అవుట్‌కి ఉండదు. గిటార్ ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్‌ని బాగా తగ్గించేస్తుంది, ఆ వడపోత లేకపోతే డిస్టార్షన్‌లోని గరగర అంతా స్టేజీ స్పీకర్ల ట్వీటర్ నుంచి చెవిలో పడుతుంది. మిక్సర్‌కైతే ఆన్. గిటార్ ఆంప్ వెనక ఉండే రిటర్న్ జాక్‌లో పెడితే ఆఫ్, అక్కడ అసలు స్పీకరే ఉంది కదా.

జవాబు:
ఐఆర్ ఇప్పుడే కొనకు బాబూ. అది ఒక క్యాబినెట్ ముందు మైకు ఒక చోట పెట్టి తీసిన ముద్ర, అంతే. లోపల ఉన్న క్యాబ్‌లోనే మైకుని స్పీకర్ మధ్య నుంచి అంచువైపు జరుపు, పదును తగ్గి గుండ్రంగా వస్తుంది. హై కట్ (పైనున్న సన్నని శబ్దాన్ని కోసేది) 6 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ (కింది బొంగురు శబ్దాన్ని కోసేది) 80-100 హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడు. ఇవన్నీ హెడ్‌ఫోన్స్‌లో కాదు, స్టేజీ స్పీకర్లలోనే, పెద్ద వాల్యూమ్‌లో సరిచేసుకో.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మెయిన్ అవుట్‌కి ఆఫ్‌లోనే ఉంది! రేపు రిహార్సల్‌లో పెట్టి చెప్తాను.