అను, పేజ్‌మేకర్ ఉన్న విండోస్ 7 మిషన్ అలాగే ఉంచాలా, 11కి వెళ్లిపోవాలా?

కోర్టుగుమ్మం:
నమస్కారం అండి. విశాఖ కోర్టు దగ్గర డీటీపీ, జిరాక్స్ షాపు. మిషన్లు రెండు.

ఒకటి: ఐ3-2120, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7 32 బిట్. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, దాంట్లో తెలుగు కొట్టడానికి అను స్క్రిప్ట్ మేనేజర్ 7 దీంట్లోనే. దావా కాగితాల నుంచి పెళ్లి కార్డుల దాకా పన్నెండేళ్ల పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్లు ఇందులోనే ఉన్నాయి. ప్రింటర్ కేనన్ ఎల్‌బీపీ 2900.

రెండు: ఐ5-8400, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10 22హెచ్2. దరఖాస్తులు, ఈసీలు, మెయిళ్లు దీంట్లో.

మొదటి దాంట్లో క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది. కొన్ని సైట్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఒక్కోరోజు పొద్దున్న ఏ సైటు పెట్టినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటుంది. సర్వీసు కుర్రాడు రెండూ ఫార్మాట్ కొట్టి 11 వేసేద్దాం అంటున్నాడు. వేయిస్తే అను పనిచేస్తుందా? లేకపోతే ఉన్నది ఉన్నట్టు వాడుకోవచ్చా?

బూట్ సెక్టార్:
ఫార్మాట్ మాట ముందు ఆపండి. రెండు మిషన్లకీ ఒకే మందు పనికిరాదు.

ఐ5 సంగతి తేలిక. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో అయిపోయాయి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి, కానీ మీకు ఆ అవసరం లేదు. ఇంటెల్‌లో 8వ తరం నుంచి విండోస్ 11కి అర్హత ఉంది, 8400 సరిగ్గా ఆ గడప మీద ఉంది. ఫార్మాట్ కొట్టక్కర్లేదు, 10 మీదే 11 ఎక్కించుకోవచ్చు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి.

ముందు రన్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి 'బయోస్ మోడ్' చూడండి. 'యూఈఎఫ్ఐ' (కొత్త బూట్ పద్ధతి) అని ఉంటే బయోస్‌లో, అంటే మిషన్ ఆన్ అవ్వగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, పీటీటీ, సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే చాలు. 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు అంటే ఇంటెల్ బోర్డుల్లో ఆ పీటీటీయే. చాలా బోర్డుల్లో ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని చూడకుండానే 'ఈ మిషన్‌కి 11 ఎక్కదు' అనేస్తుంటారు.

'లెగసీ' అని ఉంటే డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉందన్నమాట, దాన్ని కొత్తదైన జీపీటీకి మార్చాలి. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంబీఆర్2జీపీటీ టూల్‌ని 'వ్యాలిడేట్', 'ఎలౌఫుల్‌ఓఎస్' అన్న రెండు స్విచ్‌లతో నడపండి. పాసైతేనే 'వ్యాలిడేట్' స్థానంలో 'కన్వర్ట్' పెట్టి మళ్లీ నడపండి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉంటే వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. కన్వర్ట్ అయ్యాక వెంటనే బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం (పాత పద్ధతి బూట్) ఆఫ్ చేసి యూఈఎఫ్ఐ పెట్టాలి, లేకపోతే బూట్ అవ్వదు. పాత గ్రాఫిక్స్ కార్డు ఏదైనా గుచ్చి ఉంటే సీఎస్‌ఎం తీశాక తెర నల్లగా ఉండిపోవచ్చు. కంగారు పడకండి, కార్డు పీకేసి బోర్డు మీది పోర్టుకి కేబుల్ పెట్టండి.

11 నచ్చకపోతే వెనక్కి రావడానికి 10 రోజులే గడువు. ఎక్కించిన రోజే డిఐఎస్‌ఎం కమాండుతో దాన్ని 60 చేసుకోవచ్చు. డిస్క్ క్లీనప్‌లో 'పాత విండోస్ ఇన్‌స్టలేషన్' తుడిచేస్తే ఆ దారి కూడా పోతుంది.

ఇక ఐ3. టీపీఎం 2.0 లేదు, ప్రాసెసరు జాబితాలో లేదు. రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ చేసి ఆ తనిఖీలు దాటించి 11 ఎక్కించొచ్చు, ఎక్కుతుంది కూడా. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతట అది రాదు, ప్రతిసారీ చేత్తో చేసుకోవాలి. 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ మీద 11 అంటే క్లయింటు ఎదురుగా కూర్చుని ఉండగా తెర మీద గుండ్రం తిరుగుతూ ఉంటుంది. పైగా 7 నుంచి 11కి నేరుగా అప్‌గ్రేడ్ లేదు. మొత్తం తుడిచి కొత్తగా వేయడమే. దాన్ని 7 మీదే ఉంచి నెట్ తీసేయండి.

ఉప్పుగాలి:
పొద్దున్నపూట మాత్రమే అన్ని సైట్లూ 'ప్రైవేట్ కాదు' అంటున్నాయంటే అది విండోస్ 7 తప్పు కాదండి. కింద మూల గడియారంలో తేదీ చూడండి. ఏ పాత సంవత్సరమో ఉంటుంది. బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయింది. రాత్రి మెయిన్ ఆపేస్తే తేదీ వెనక్కి పోతుంది, సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదనుకుని బ్రౌజరు ఆపేస్తుంది. వాచీల షాపులో దొరికే సెల్లే. మార్చి, బయోస్‌లో తేదీ సరిచేసి, సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ముందున్నదే ఉందా చూసుకోండి. డీఫాల్టుకి పోయి ఏహెచ్‌సీఐ, ఐడీఈ మారిపోతే 7 బూట్‌లోనే 0ఎక్స్7బీ నీలం తెర ఇస్తుంది. మోడ్ వెనక్కి పెడితే సరి.

విప్పారు కాబట్టి ర్యామ్ కూడా తీసి పసుపు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టండి. మన బీచ్ గాలికి అక్కడ పొర కడుతుంది. మూడు బీపులు, తెర రాకపోవడం చాలాసార్లు అందువల్లే.

ఓఎస్ కన్నా ముందు పోయేది ఆ హార్డ్‌డిస్క్. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టి 05, సీ5 వరసలు చూడండి, పాడైన సెక్టార్ల లెక్క అక్కడ ఉంటుంది. 'రా వాల్యూస్' గడిలో సున్నా కాకుండా ఉంటే ఈ రోజే బేగి కాపీ తీసుకోండి, మిగతా చర్చ తరవాత.

కోర్టుగుమ్మం:
తేదీ 2011 జనవరి చూపిస్తోంది! సెల్ మారుస్తాను. సీ5లో 16 ఉంది. మరి నెట్ తీసేస్తే రెండు మిషన్ల మధ్య ఫైళ్లు ఎలా? పెన్‌డ్రైవేనా? ఇంకోటి, ఐ5లో అను వేసి చూస్తే పేజ్‌మేకర్‌లో తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. ఫాంట్లు కొన్ని లిస్టులోనే లేవు.

బూట్ సెక్టార్:
సీ5లో 16 అంటే చదవడానికి మొండికేస్తున్న సెక్టార్లు. ముందు పీఎండీ ఫోల్డర్లు, ఫాంట్ల ఫోల్డరు బయటి డిస్కుకి కాపీ. ఆ తరవాతే మొత్తం డిస్కు క్లోనింగ్, అంటే ఉన్నదున్నట్టు ఇంకో డిస్కుకి నకలు. పోతున్న డిస్కు క్లోన్ మధ్యలో పూర్తిగా కూర్చుండిపోతుంది, అందుకే ఈ వరస.

నెట్ తీయాలంటే కేబుల్ పీకక్కర్లేదు. 7లో నెట్‌వర్క్ కార్డు ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో అడ్రసు చేత్తో ఇవ్వండి. రౌటరు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.50, మాస్క్ 255.255.255.0. డీఫాల్ట్ గేట్‌వే, డీఎన్‌ఎస్ గళ్లు ఖాళీగా వదిలేయండి. షాపులో మిషన్లు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, బయటికి దారుండదు. ఐపీవీ6 టిక్ కూడా తీయాలి. చాలామంది ఇది మర్చిపోతారు, రౌటరు ఐపీవీ6 ఇస్తుంటే నెట్ దొంగదారిన వచ్చేస్తుంది.

షేరింగులో ఒక మెలిక. విండోస్ 11 ప్రో 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లని తెరవనివ్వదు. అది చూసి ఎస్‌ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) ఆన్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఎస్‌ఎంబీ1లోని లోపంతోనే, ఎక్కువగా దెబ్బతిన్నవి ప్యాచ్ వేయని విండోస్ 7 మిషన్లే. 7కి ఎస్‌ఎంబీ2 వచ్చు. 7లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరిని చేసి, ఫోల్డరు ఆ పేరుకి షేర్ చేసి, 11 నుంచి అదే పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి.

క్లయింట్ల పెన్‌డ్రైవ్‌లు మాత్రం ఎప్పుడూ ఐ5లోనే గుచ్చాలి. డీటీపీ షాపులకి నెట్ కన్నా పెద్ద గండం అదే.

అక్షరం ముక్క:
అను సంగతి నేను చెప్తాను. ఇంగ్లీషు అక్షరాలు పడటానికి మామూలు కారణం: పేజ్‌మేకర్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' పెట్టి ఉంటారు, అను మామూలుగా నడుస్తుంటుంది. కింది స్థాయిలో నడిచే ప్రోగ్రామ్ పై స్థాయి ప్రోగ్రామ్ కీబోర్డులో వేలు పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. రెండూ అడ్మిన్‌గానో, రెండూ మామూలుగానో ఉండాలి. రెండు ఐకాన్ల ప్రాపర్టీస్‌లో, కంపాటిబిలిటీ ట్యాబులో ఒకేలా పెట్టండి.

ఫాంట్లు కనపడకపోవడం ఇంకో కథ. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్' అంటే ఆ యూజర్ ఫోల్డర్‌లోకి మాత్రమే వెళ్తుంది. పాత ప్రోగ్రాములు అక్కడ వెతకవు. ఫాంట్లు తీసేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అని మళ్లీ వేయండి. పేజ్‌మేకర్‌ని కూడా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లో విడి ఫోల్డర్ చేసి వేయండి. లేకపోతే అది రాసుకునే సెట్టింగులని విండోస్ 'వర్చువల్‌స్టోర్' అనే చోటికి మళ్లించేస్తుంది, తరవాత వెతుక్కోవాలి.

ఇవన్నీ కుదిరాక కూడా ఒక ప్రమాదం ఉంది. పేజ్‌మేకర్ లైన్లు విరిచేది ప్రింటర్ని బట్టి. డాక్యుమెంట్ సెటప్‌లో 'కంపోజ్ టు ప్రింటర్' అని ఉండేది దానికే. ప్రింటరు మారితే పాత దస్తావేజులో పదాలు కింది లైనుకి జారతాయి, స్టాంపు పేపరు మీద చివరి లైను రెండో పేజీకి పోతుంది. ముఖ్యమైన పదో పదిహేనో ఫైళ్లు పాత మిషన్‌లోనే ప్రింటు తీసి, కొత్త దాంట్లోవి వెలుతురుకి పట్టి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. తేడా ఉంటే కంటికి వెంటనే తగులుతుంది.

పెందుర్తి పెంగ్విన్:
ఐ3లో లినక్స్ మింట్ 22 వేస్తే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఎస్‌ఎస్‌డీ పెడితే నెట్ పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఏటి, పాత మిషన్ అంటే ఇక పారేయడమేనా?

అక్షరం ముక్క:
నెట్ పనికైతే ఒప్పుకుంటానండి. కానీ వీరికి నెట్ పనికి ఐ5 ఉంది కదా. ఎల్‌బీపీ 2900ని లినక్స్‌లో నడపడం ఎంత తలనొప్పో మీకు తెలియనిది కాదు. అనుని వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపేది) మీద నమ్ముకుని షాపు నడపలేరు.

బూట్ సెక్టార్:
డిస్కు పరిస్థితి చూస్తే ఇంకో దారి కూడా సిద్ధంగా ఉంచుకోవాలి. ఫైళ్లు కాపీ అయ్యాక ఆ 7ని మొత్తంగా డిస్క్2వీహెచ్‌డీ అనే టూల్‌తో ఒక ఫైల్‌గా తీసి పెట్టుకోండి. 'వీహెచ్‌డీఎక్స్' టిక్ తీసి వీహెచ్‌డీగా తీయాలి. బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ అయ్యుండాలి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఐ5లో వర్చువల్‌బాక్స్‌లో, అంటే మిషన్ లోపల ఇంకో మిషన్ నడిపే ప్రోగ్రాములో, తగిలించండి: 2 కోర్లు, 2 జీబీ ర్యామ్, నెట్‌వర్క్ అడాప్టర్ ఆఫ్, ఫైళ్లకి షేర్డ్ ఫోల్డర్. ఐ5కి ఇంకో 8 జీబీ డీడీఆర్4 2666 పుల్ల వేస్తే ఇబ్బంది ఉండదు.

మొదటిసారి 0ఎక్స్7బీ నీలం తెర వస్తే కంట్రోలర్ని సాటా నుంచి ఐడీఈకి మార్చండి. విండో కింది మూల తాబేలు బొమ్మ కనపడితే విండోస్ సొంత వర్చువల్ ఏర్పాటు హైపర్-వీ అడ్డుపడుతోందని అర్థం, నత్తనడకే. మిషన్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, వర్చువల్ మిషన్‌లో యాక్టివేషన్ అడుగుతుంది. దానికి విడిగా రిటైల్ లైసెన్సు కావాలి. 7 కీతో 10, 11 యాక్టివేట్ చేసుకునే దారిని కూడా మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో మూసేసింది.

అక్షరం ముక్క:
ఒక్క మాట చేర్చనివ్వండి. మిమ్మల్ని 7కి కట్టేసింది విండోస్ కాదు, అను ఫాంట్లే. అవి యూనికోడ్ (అన్ని మిషన్లూ, ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. 'అ' ఉండాల్సిన చోట లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది, ఫాంటు దానికి తెలుగు ముసుగు వేస్తుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, అందుకే వాట్సాప్‌లో వచ్చిన తెలుగు అందులో పేస్టు చేస్తే ప్రశ్నార్థకాలు పడతాయి.

పాతవన్నీ మార్చక్కర్లేదు. రోజూ తిరగేసే నమూనాలు, అంటే అఫిడవిట్, వకాలత్, అద్దె ఒప్పందం, ఇవి మాత్రం యూనికోడ్‌లో మళ్లీ కొట్టించండి. కన్వర్టర్‌తో మారిస్తే వత్తులు, క్రావడి, అంకెలు ఒక్కొక్కటీ కళ్లతో చూడాలి. సర్వే నంబరులో ఒక అంకె మారితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా. ఫాంట్లకి మండలి, సూరన్న, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. కొత్త ఇన్‌డిజైన్‌లో అయితే పారాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్-రెడీ కంపోజర్' ఎంచుకోవాలి, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఐ5లో గౌతమి ఫాంటు కనపడకపోతే ఆప్షనల్ ఫీచర్స్‌లో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' వేసుకోండి.

కోర్టుగుమ్మం:
సెల్ మార్చాను, తేదీ నిలబడింది. అను, పేజ్‌మేకర్ రెండిటికీ అడ్మిన్ తీసేస్తే ఐ5లో తెలుగు పడుతోంది. పీఎండీలు కాపీ అవుతున్నాయి, ఒక ఫోల్డరు దగ్గర 'సైక్లిక్ రిడండెన్సీ' ఎర్రర్ ఇచ్చి ఆగింది. మళ్లీ మళ్లీ ప్రయత్నించాలా?

ఉప్పుగాలి:
వద్దండి, ఒకే చోట గీకించకండి. ఆ ఫోల్డరు వదిలి మిగతావి ముందు పూర్తి చేయండి. చివర్లో ఆ డిస్కుని ఐ5కి తగిలించి, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండుని 'ఆర్' ఒకటి, 'డబ్ల్యు' ఒకటి పెట్టి నడపండి. ఇంకొక్కసారి మాత్రం ప్రయత్నించి, చదవలేని ఫైలుని వదిలి ముందుకు పోతుంది. ఎక్స్‌ప్లోరర్‌లా మొత్తం ఆపేయదు.